కెన్‌వుడ్ హౌస్: ఒక న్యాయమూర్తి బంగళా లండన్ జనం సొత్తు ఎలా అయింది?

1922 నవంబరులో లండన్‌కి ఉత్తరాన, హ్యాంప్‌స్టెడ్ హీత్ అంచున ఉన్న కెన్‌వుడ్ హౌస్‌లో సామాను వేలం వేశారు. కుర్చీలు, బల్లలు, నిలువుటద్దాలు, తరతరాలుగా ఆ గదుల్లో ఉన్న వస్తువులు తలో దిక్కుకీ పోయాయి. అమ్మింది ఇంటి యజమాని, ఆరవ మాన్స్‌ఫీల్డ్ ఎర్ల్ (ఎర్ల్ అంటే తరతరాలుగా వచ్చే ప్రభువు బిరుదు). ఆయన కుటుంబానికి స్కాట్లాండ్‌లో స్కోన్ ప్యాలెస్ అనే అసలు సంస్థానం ఉంది. లండన్ పక్కనున్న ఈ బంగళాతో ఆయనకి పెద్దగా పని లేదు. చుట్టూ ఉన్న తోట, అడవి, పచ్చిక బయళ్ల మీద అప్పటికే బిల్డర్ల కన్ను పడింది. ఆ నేలంతా ప్లాట్లుగా కోసి ఇళ్లు కడితే ఎంత వస్తుందో ఎవరైనా లెక్కేసుకోగలిగిన కాలం అది.

ఇప్పుడు అదే ఇంట్లోకి ఎవరైనా టికెట్ లేకుండా వెళ్లొచ్చు. లోపల రెంబ్రాంట్ తన ముసలితనంలో గీసుకున్న స్వీయ చిత్రం ఉంది, వెర్మీర్ గీసిన గిటారు వాయించే అమ్మాయి ఉంది. బయట పచ్చిక మీద పిల్లలు పరుగులు పెడుతుంటారు. చదువుకో ఉద్యోగానికో లండన్ వెళ్లిన మన తెలుగు పిల్లలు మ్యూజియం అనగానే నగరం నడిబొడ్డున ఉన్నవాటికే పోతారు. కాస్త ఎగువకి వచ్చి దీన్ని చూసేవాళ్లు తక్కువ. ఇంత గొప్ప చోటు అలా కళ్లబడకుండా పోతోందన్నది నా బాధ.

కెన్‌వుడ్ గురించి సాధారణంగా రెండు కథలు వినిపిస్తాయి. మంచి మనసున్న ఒక జడ్జి అందమైన ఇల్లు కట్టించాడు, తన ఇంట్లో పెరిగిన నల్లజాతి పిల్ల మీద ప్రేమతో ఇంగ్లండ్‌లో బానిసత్వాన్ని రద్దు చేశాడు అన్నది ఒకటి. బీరు వ్యాపారం చేసిన ఒక కోటీశ్వరుడు ఆ ఇంటిని కూలిపోకుండా కాపాడి జనానికి దానం చేశాడు అన్నది రెండోది. రెండింట్లోనూ నిజం ఉంది. కానీ చెప్పే తీరు వల్ల రెండూ తప్పుదోవ పట్టిస్తాయి. ఇల్లు ఆ జడ్జి కట్టించిందేమీ కాదు. తీర్పు బానిసత్వాన్ని రద్దు చేయలేదు. పార్కుని మొదట కాపాడింది ఆ కోటీశ్వరుడూ కాదు. ఈ ముడులు ఒక్కొక్కటీ విప్పుకుంటే గానీ కెన్‌వుడ్ అర్థం కాదు.

ఒక ఇల్లు, ఎన్నో చేతులు

కెన్‌వుడ్ ఎస్టేటుకి మొదటి రూపం ఇచ్చింది జాన్ బిల్. ఆయన మొదటి జేమ్స్ రాజుకి ముద్రాపకుడు. 1616లో ఈ నేల కొని ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంటి స్థానంలో 1700 ప్రాంతంలో విలియం బ్రిడ్జెస్ ఇటుకలతో కొత్త ఇల్లు లేపాడు. తర్వాత అది స్కాట్లాండ్ ప్రభువుల చేతులు మారుతూ వచ్చింది. వాళ్లలో మూడవ బ్యూట్ ఎర్ల్ తరువాతి రోజుల్లో బ్రిటన్ ప్రధాని కూడా అయ్యాడు. ఆయన దగ్గర 1754లో ఈ ఇంటిని కొన్నవాడు విలియం మర్రీ. అప్పటికే పేరు మోసిన లాయరు. 1756లో కింగ్స్ బెంచ్ కోర్టుకి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే బిరుదుతో చరిత్రకి తెలిసింది ఈయనే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కంట్రీ హౌస్ అనగానే వేల ఎకరాల మధ్య, కౌలు రైతులు కట్టే శిస్తు మీద నడిచే దివాణం లాంటిది మనకి తోస్తుంది. మాన్స్‌ఫీల్డ్‌కి కెన్‌వుడ్ అలాంటిది కాదు. ఆయన కోర్టు పని లండన్‌లో, నగరంలోని ఇల్లు బ్లూమ్స్‌బరీ స్క్వేర్‌లో. పని లేని రోజుల్లో గుర్రపు బండెక్కి పొగకీ రొదకీ దూరంగా వచ్చి ఉండే విడిది ఇది. చుట్టూ భూమి ఉంది గానీ ఇల్లు నిలిచింది భూమి ఆదాయం మీద కాదు, న్యాయవృత్తిలో వచ్చిన సంపాదన మీద. తర్వాతి కథంతా ఈ తేడాలోనే ఉంది. నగరానికి దగ్గరగా ఉండటమే మాన్స్‌ఫీల్డ్‌కి దీని అందం. నూట యాభై ఏళ్లు గడిచి నగరం దీని గుమ్మం దాకా పెరిగాక, ఆ దగ్గరతనమే దీని ప్రాణం మీదికి వచ్చింది.

1764 నుంచి 1779 దాకా ఈ ఇంటిని తిరగదిద్దింది రాబర్ట్ ఆడం. అతనూ స్కాట్లాండ్ వాడే. అప్పట్లో ఇంగ్లండ్ ధనికుల ఇళ్లకి అతను దిద్దిన తీరునే ఇవాళ మనం నియోక్లాసికల్ అంటున్నాం. ఆ శైలి ఎక్కడినుంచి వచ్చిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి.

అప్పటిదాకా యూరప్ కట్టడాల నిపుణులు పాత రోమన్ల గురించి తెలుసుకున్నది ఎక్కువగా గుళ్ల నుంచి, విజయ తోరణాల నుంచి, పుస్తకాల నుంచి. 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేయిలో తవ్వకాలు మొదలయ్యాక రోమన్ల మామూలు ఇళ్లు, వాళ్ల గోడల మీది రంగులు, సన్నటి తీగలల్లికల బొమ్మలు బయటపడ్డాయి. ఆడం ఇటలీలో కొన్నేళ్లు గడిపాడు. 1757లో అడ్రియాటిక్ తీరంలోని స్ప్లిట్ ఊరికి వెళ్లి, రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కట్టించుకున్న ప్యాలెస్ శిథిలాలని కొలతలు తీసి గీయించాడు. ఆ చిత్రాల సంపుటి అచ్చయింది 1764లో, అంటే కెన్‌వుడ్ పని మొదలైన ఏడే. రోమన్లు దేవుడి కోసం ఎలా కట్టారన్నది అందరికీ తెలుసు. బతకడానికి ఎలా కట్టుకున్నారన్నది అతను వెతికాడు. ఇల్లు గుడిలా బరువుగా, గంభీరంగా ఉండక్కర్లేదని అతనికి అర్థమైంది. అందుకే ఆడం గదుల్లో రంగులు లేతగా ఉంటాయి, సున్నపు నగిషీ సన్నగా ఉంటుంది, పూలదండలూ కలశాలూ గోడకి అతికీ అతకనట్టు తేలికగా కనిపిస్తాయి.

కెన్‌వుడ్‌లో ఇదంతా పతాక స్థాయికి చేరేది లైబ్రరీలో. 1767 తర్వాత కొద్ది ఏళ్లలో కట్టిన ఈ గదికి రెండు చివరలా అర్ధచంద్రాకారపు వంపులు, వాటి ముందు స్తంభాలు, పైన విల్లులా వంగిన కప్పు. కప్పు మీది చిత్రాలు వెనిస్ చిత్రకారుడు ఆంటోనియో జుక్కీవి, నగిషీ పని జోసెఫ్ రోజ్‌ది. కిటికీలకి ఎదురు గోడలో పెద్ద అద్దాలు పెట్టారు. బయటి పచ్చదనం అద్దాల్లో పడి, గదికి రెండు వైపులా తోట ఉన్నట్టే ఉంటుంది. పుస్తకాలు పెట్టుకోవడానికీ అతిథుల్ని కూర్చోబెట్టడానికీ రెండింటికీ పనికొచ్చేలా ఆలోచించిన గది ఇది.

ఆ గది అక్కడే ఎందుకు వచ్చిందన్నది మరీ ఆసక్తికరం. ఇంటికి పడమటి వైపు అప్పటికే ఒక ఆరెంజరీ ఉంది. చలికాలంలో నారింజ మొక్కల్ని దాచే గాజు కిటికీల గది అది. దక్షిణం నుంచి చూస్తే ఇల్లు ఒక వైపుకి బరువెక్కినట్టు కనిపించేది. తూర్పున లైబ్రరీ కట్టి ఆడం ఆ తూకం సరిచేశాడు. ఉన్న ఇంటికి మరో అంతస్తు ఎత్తాడు. ఉత్తరాన గుమ్మానికి ముందు నాలుగు పెద్ద స్తంభాలతో, పైన త్రికోణపు ముఖంతో వసారా పెట్టాడు. పాత ఇటుక గోడల్ని గారతో కప్పేశాడు. అంటే ఒక్క చేత్తో ఒక్కసారిగా పుట్టినట్టు కనిపించే ఈ నియోక్లాసికల్ భవనం నిజానికి పాత ఇంటికి తొడిగిన కొత్త చొక్కా.

ఇలాంటి ఇల్లు మనకి కొత్తేమీ కాదు. హైదరాబాద్ కోఠీలో మహిళా కళాశాల నడిచిన బ్రిటిష్ రెసిడెన్సీ ముందున్న ఆ భారీ స్తంభాలు, త్రికోణపు ముఖం చూసినవాళ్లకి కెన్‌వుడ్ వసారా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. 1800 తర్వాత కొద్ది ఏళ్లకి అక్కడ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ భవనం, ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్లతో స్థిరపడిన అభిరుచి కంపెనీ దొరలతో ఓడలెక్కి ఎంత దూరం వచ్చిందో చూపిస్తుంది.

రాలిపోయిన గార, ఒక కోర్టు కేసు

కెన్‌వుడ్ దక్షిణపు గోడ మీద ఆడం వాడిన గార మామూలు సున్నం కాదు. జాన్ లియార్డెట్ అనే స్విస్ మతాచార్యుడు 1773లో పేటెంట్ తీసుకున్న నూనె కలిసిన సిమెంటు అది. ఆడం సోదరులు ఆ పేటెంట్ హక్కులు కొనుక్కున్నారు. రాతి మీద చెక్కితే బోలెడు ఖర్చయ్యే నగిషీని ఈ సిమెంటుతో అచ్చుల్లో పోసి గోడకి అతికించొచ్చు. చౌక, త్వరగా అయిపోతుంది. కానీ లండన్ వానకీ మంచుకీ అది తట్టుకోలేదు, రాలిపోయింది. ఇప్పుడు ఆ గోడ మీద కనిపించే నగిషీ 1970లలో పాత చిత్రాల ఆధారంగా మళ్లీ చేసినది.

ఇంతవరకు ఇది కట్టుబడి సంగతి. అసలు ముడి ఇక్కడుంది. 1778లో ఆ సిమెంటు పేటెంట్ మీద లియార్డెట్, జాన్సన్ అనేవాళ్ల మధ్య కేసు నడిచింది. విచారించిన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డే. తన ఇంటి గోడకి పూసిన సిమెంటు, తన ఇంటిని దిద్దుతున్న ఆడం సోదరుల వ్యాపారం, తన కోర్టులో కేసు. ఈ రోజుల్లో అయితే అలాంటి జడ్జి ఆ కేసు నుంచి తప్పుకోవాల్సిందే. అయినా ఆ కేసు పేటెంట్ చట్టంలో మైలురాయి అయింది. కొత్త పద్ధతికి రక్షణ కోరేవాడు, ఆ పని తెలిసిన ఇంకొకరు చదివి తామే చేసుకోగలిగేంత స్పష్టంగా దాన్ని రాతలో వివరించాలన్న సూత్రం బలపడింది ఇక్కడే. ఇవాళ మన దేశంలో పేటెంట్ దరఖాస్తు రాసేవాళ్లు పాటించే నియమానికి మూలాల్లో ఇదొకటి. మాన్స్‌ఫీల్డ్‌ని మంచివాడు, చెడ్డవాడు అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లకి నేను ఈ కేసునే చూపిస్తాను.

డైడో, సోమర్సెట్

కెన్‌వుడ్ పేరు ఇవాళ ఎక్కువగా వినిపించేది డైడో ఎలిజబెత్ బెల్ వల్ల. ఆమె 1761లో పుట్టింది. తల్లి మరియా బెల్, ఆఫ్రికా మూలాలున్న బానిస స్త్రీ. తండ్రి సర్ జాన్ లిండ్సే, నౌకాదళ అధికారి, మాన్స్‌ఫీల్డ్‌కి మేనల్లుడు. పిల్లని పెంచే బాధ్యత మాన్స్‌ఫీల్డ్ దంపతులు తీసుకున్నారు. వాళ్లకి పిల్లలు లేరు. తల్లి పోయిన మరో మనవరాలి వరస పిల్ల, లేడీ ఎలిజబెత్ మర్రీ కూడా అక్కడే పెరుగుతోంది. ఇద్దరినీ కలిపి గీసిన చిత్రం ఇప్పుడు స్కోన్ ప్యాలెస్‌లో ఉంది. 1780 ప్రాంతపు చిత్రం అది. ఆ కాలపు చిత్రాల్లో నల్లజాతి వ్యక్తి ఎక్కడో మూలన, సేవకుడి వేషంలో, తెల్లదొర వైపు తలెత్తి చూస్తూ ఉంటాడు. ఇక్కడ డైడో పట్టు బట్టల్లో, చిరునవ్వుతో నేరుగా మన కళ్లలోకి చూస్తుంది.

ఆమె తండ్రి లిండ్సే మన ప్రాంతపు చరిత్రలోనూ ఉన్నాడు. 1770లో అతను మద్రాసు చేరి, ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ దగ్గర బ్రిటిష్ రాజు ప్రతినిధిగా ఉన్నాడు. మద్రాసులోని ఈస్టిండియా కంపెనీ కౌన్సిల్‌తో అతనికి గట్టి తగాదా నడిచింది. నవాబుతో మాట్లాడే అధికారం రాజుదా, కంపెనీదా అన్నది గొడవ. అప్పటికి కొద్ది ఏళ్ల ముందే మన ఉత్తర సర్కారులు ఆ కౌన్సిల్ చేతిలోకి వచ్చాయి. తర్వాతి తరంలో డైడో కొడుకు చార్లెస్ కూడా కంపెనీ మద్రాసు సైన్యంలోనే అధికారిగా పనిచేశాడు. బానిస స్త్రీ మనవడు మరో దేశాన్ని ఏలే సైన్యంలో అధికారి. సామ్రాజ్యం మనుషుల్ని ఎన్ని రకాలుగా అల్లిందో చూడండి.

డైడో ఇంట్లో మనిషా, పనిమనిషా? 1779లో కెన్‌వుడ్‌కి భోజనానికి వచ్చిన థామస్ హచిన్సన్ తన డైరీలో రాసినది చదివితే కొంత తెలుస్తుంది. మసాచుసెట్స్‌కి అంతకుముందు గవర్నరుగా చేసినవాడు ఆయన. అతిథులతో భోజనానికి డైడో కూర్చోలేదు. భోజనాలయ్యాక కాఫీ వేళకి ఆడవాళ్లతో కలిసింది, ఎలిజబెత్ చెయ్యి పట్టుకుని తోటలో తిరిగింది. పాల గది, కోళ్ల పెంపకం ఆమె చూసుకునేది. మాన్స్‌ఫీల్డ్ ఉత్తరాలు రాయడంలో సాయపడేది. ఏడాదికి కొంత చేతిఖర్చు ఇచ్చేవాళ్లు, ఎలిజబెత్‌కి ఇచ్చిన దానికంటే బాగా తక్కువ. హచిన్సన్ మాటల్లో ఆమె పట్ల చులకన కూడా ఉంది. ప్రేమ ఉంది, హద్దు కూడా ఉంది. ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర ఉన్నాయి.

ఇక తీర్పు. జేమ్స్ సోమర్సెట్‌ని వర్జీనియాలో కొన్న చార్లెస్ స్టూవర్ట్ 1769లో అతన్ని ఇంగ్లండ్ తెచ్చాడు. 1771లో సోమర్సెట్ పారిపోయాడు. వెతికి పట్టుకుని, జమైకాలో అమ్మేయడానికి థేమ్స్ నదిలోని ఓడలో గొలుసులు వేసి ఉంచారు. అతని బాప్టిజానికి సాక్షులుగా నిలిచిన గాడ్‌పేరెంట్స్ కోర్టుకి వెళ్లారు, బానిసల తరఫున పోరాడుతున్న గ్రాన్‌విల్ షార్ప్ కేసుకి అండగా నిలిచాడు. 1772 జూన్ 22న మాన్స్‌ఫీల్డ్ తీర్పు చెప్పాడు. బానిసత్వం ఎంత నీచమైనదంటే స్పష్టమైన చట్టం ఉంటే తప్ప దానికి ఇంకే ఆధారమూ చాలదని, ఇంగ్లండ్‌లో అలాంటి చట్టం లేదు కాబట్టి సోమర్సెట్‌ని వదిలేయాలని.

ఈ తీర్పు వినగానే ఇంగ్లండ్‌లోని నల్లజాతి జనం పండగ చేసుకున్నారు. బానిసత్వం పోయినట్టే అనుకున్నారు. కానీ మాన్స్‌ఫీల్డ్ చెప్పింది దానికంటే చాలా ఇరుకైన మాట. యజమాని బానిసని బలవంతంగా దేశం దాటించలేడు, అంతే. తన తీర్పు అంతకు మించి పోలేదని తర్వాతి ఏళ్లలో ఆయనే స్పష్టంగా చెప్పాడు. ఇంగ్లండ్ గడ్డ మీద ఏ బానిసత్వమూ చెల్లదని సూటిగా తేల్చలేదు. 1778లో జోసెఫ్ నైట్ కేసులో స్కాట్లాండ్ కోర్టు అంతకంటే ముందుకు వెళ్లి, అక్కడి చట్టం బానిసత్వాన్ని ఒప్పుకోదని చెప్పింది. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది 1807లో, తన కాలనీల్లో బానిసత్వం రద్దు చట్టం చేసింది 1833లో. సోమర్సెట్ తీర్పు ఆ దారిలో పెద్ద అడుగు, గమ్యం కాదు.

మరి ఈ తీర్పు డైడో వల్ల వచ్చిందా? సోమర్సెట్ కేసు గురించి అడిగితే జమైకా తోటల యజమాని ఒకడు, మాన్స్‌ఫీల్డ్ ఇంట్లో ఒక నల్లపిల్ల చెప్పిందే వేదమని, కాబట్టి సోమర్సెట్ విడుదల ఖాయమని అన్నట్టు హచిన్సన్ రాశాడు. తీర్పు నాటికి ఆమెకి పదకొండేళ్లు. ఆ చిన్నపిల్ల ఆయన మనసు మీద ఎంత పని చేసిందో కొలవడానికి కాగితం మీద ఆధారం ఏమీ లేదు. కానీ ఒక కాగితం ఉంది, నాకు ఈ ఇంటి చరిత్రలో అన్నిటికన్నా బరువైనది అదే. మాన్స్‌ఫీల్డ్ వీలునామా. అందులో డైడోకి ఏటా వంద పౌండ్లు, విడిగా ఐదు వందల పౌండ్లు ఇస్తూ, ఆమె స్వేచ్ఛని ఖాయం చేస్తున్నానని రాశాడు. సోమర్సెట్ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తే, తన సొంత ఇంట్లో పెరిగిన పిల్ల స్వేచ్ఛకి ఆ తీర్పు ఒక్కటే చాలదేమోనని జాగ్రత్త పడ్డాడు. ఆ తీర్పు బలమెంతో దాన్ని రాసినవాడికంటే బాగా తెలిసినవాళ్లెవరు?

రెండో వైపు కూడా చూడాలి. 1781లో జాంగ్ అనే బానిస ఓడలో నీళ్లు చాలవన్న సాకుతో నూట ముప్పై మందికి పైగా మనుషుల్ని సముద్రంలోకి తోసేశారు. ఓడ యజమానులు వాళ్ల విలువకి ఇన్సూరెన్స్ డబ్బు అడిగారు. 1783లో ఆ వివాదం మాన్స్‌ఫీల్డ్ ముందుకి వచ్చింది. దాన్ని హత్య కేసుగా కాదు, సరుకు నష్టం కేసుగానే విన్నారు. చివరికి మాన్స్‌ఫీల్డ్, తోటి జడ్జీలు మళ్లీ విచారణ జరగాలన్నారు, అంటే యజమానులకి డబ్బు వెంటనే దక్కలేదు. కానీ మనుషుల్ని గుర్రాలతో సమానంగా లెక్కగట్టే చట్టం తీరుని ఆ కోర్టు పక్కకి నెట్టలేదు. ఇంగ్లండ్ వాణిజ్య చట్టానికీ ఇన్సూరెన్స్ చట్టానికీ రూపం ఇచ్చినవాడు మాన్స్‌ఫీల్డ్. ఆ చట్టం మీద నడిచిన వ్యాపారాల్లో బానిసల వ్యాపారం కూడా ఒకటి. ఇంటి గోడలు బానిసల డబ్బుతో కట్టారా అని నేరుగా అడగడం కంటే, ఆ ఇంటి యజమాని రోజూ ఏ ప్రపంచాన్ని నడిపేవాడన్న ప్రశ్న నాకు సరైనదనిపిస్తుంది.

మాన్స్‌ఫీల్డ్ 1793 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది చివర్లో డైడో జాన్ డవినియర్‌ని పెళ్లి చేసుకుంది. ముగ్గురు కొడుకులు పుట్టారు. 1804లో, నలభై మూడేళ్ల వయసులో ఆమె కన్నుమూసింది.

వారసులు, అద్దెదారులు

ఈ ఇల్లు మాన్స్‌ఫీల్డ్ బతికుండగానే ఒకసారి చావు తప్పించుకుంది. 1780 జూన్‌లో కేథలిక్కులకి వ్యతిరేకంగా జరిగిన గోర్డన్ అల్లర్లలో ఆయన బ్లూమ్స్‌బరీ ఇంటిని తగలబెట్టారు. పుస్తకాలు, రాతప్రతులు బూడిదయ్యాయి. గుంపు కెన్‌వుడ్ వైపు కూడా బయల్దేరిందని, దారిలో ఉన్న స్పానియర్డ్స్ అనే తాగుడు బసలో యజమాని వాళ్లకి కావలసినంత పోసి, సైనికులు వచ్చేదాకా ఆపాడని స్థానికంగా చెప్పుకుంటారు. ఆ బస ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాత ఇల్లు అన్న కొడుకు రెండవ ఎర్ల్‌కి వచ్చింది. జార్జ్ సాండర్స్ చేత ఉత్తరం వైపు రెండు రెక్కలు కట్టించాడు. తోటని తీర్చిదిద్దడంలో హంఫ్రీ రెప్టన్ సలహా తీసుకున్నాడు. గుమ్మం ముందు నుంచే పోయే రోడ్డుని దూరంగా జరిపించాడు. అందుకే ఇవాళ రోడ్డు మీంచి ఇల్లు కనబడదు, చెట్ల మధ్య దారి మలుపు తిరిగాకే ఒక్కసారిగా ఎదురవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో కుటుంబం మనసు స్కోన్ వైపు మళ్లింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంటిని అద్దెకిచ్చారు. 1910 నుంచి 1917 దాకా రష్యా రాజవంశపు గ్రాండ్ డ్యూక్ మైకేల్ అందులో ఉన్నాడు. రష్యాలో విప్లవం వచ్చాక ఆయన దగ్గర అద్దె కట్టే స్తోమత పోయింది.

జనం చేతికి వచ్చిన తీరు

హ్యాంప్‌స్టెడ్ హీత్ ఇవాళ సుమారు 790 ఎకరాల పచ్చటి నేల. కానీ అది ఎప్పటినుంచో అలా పార్కుగా ఉందనుకుంటే పొరపాటు. దాని ప్రతి ముక్కనీ జనం పోరాడి దక్కించుకున్నారు. అప్పటి భూస్వామి సర్ థామస్ మేరియన్ విల్సన్ 1829 నుంచి దశాబ్దాల పాటు అక్కడ ఇళ్లు కట్టడానికి పార్లమెంటు అనుమతి కోసం ప్రయత్నిస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ అడ్డుపడ్డారు. అతను పోయాక వారసుడు అమ్మకానికి ఒప్పుకోవడంతో 1871లో చట్టం చేసి హీత్‌ని జనానికి దక్కేలా చేశారు. 1889లో పార్లమెంట్ హిల్ చేరింది.

కెన్‌వుడ్ భూముల వంతు మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వచ్చింది. ఎర్ల్ అమ్మకానికి సిద్ధమని తెలియగానే కెన్‌వుడ్ పరిరక్షణ మండలి పుట్టింది. దానికి ముందుండి నడిచింది సర్ ఆర్థర్ క్రాస్‌ఫీల్డ్, సబ్బుల వ్యాపారంలో సంపాదించిన హైగేట్ వాసి. చందాలు పోగు చేశారు, స్థానిక కౌన్సిళ్లని కదిలించారు, ఎర్ల్‌తో బేరాలు ఆడారు. డబ్బు కూడినకొద్దీ ముక్కలు ముక్కలుగా భూమి కొన్నారు. అలా దక్కిన భూమిని 1925 జులైలో రాజు ఐదవ జార్జ్ ప్రజలకి తెరిచాడు. అంటే చెరువులకి ఎగువనున్న పచ్చిక, అడవి చాలావరకు ఇంటికంటే ముందే జనానివయ్యాయి. ఇంటి కోసం ఎవరో ఒక్కరు ముందుకి రావడానికి దారి వేసింది ఈ చందాలే.

ఆ ఒక్కరు లార్డ్ ఐవే, అంటే డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీకి చెందిన ఎడ్వర్డ్ సెసిల్ గిన్నిస్. 1886లో కంపెనీ షేర్లు మార్కెట్లో పెట్టి బ్రిటన్‌లోని మహా ధనవంతుల్లో ఒకడయ్యాడు. పేదల ఇళ్ల కోసం 1890లో పెద్ద ట్రస్టు పెట్టినవాడూ ఇతనే. 1925లో మిగిలిన ఇంటినీ చుట్టూ ఉన్న 74 ఎకరాలనూ కొన్నాడు. తను అక్కడ ఎప్పుడూ కాపురం ఉండలేదు. 1880ల చివర్లో డీలర్ల ద్వారా కొన్న తన చిత్రాలని అక్కడ ఉంచి, అన్నీ కలిపి దేశానికి ఇవ్వాలన్నది అతని ఆలోచన. 1927లో చనిపోయాడు. ఇల్లు, 63 చిత్రాలు ప్రజలకి దక్కాయి. 1928లో తలుపులు తెరిచారు. 1929లో పార్లమెంటు చట్టం చేసి ఆ దానాన్ని స్థిరపరిచింది. ప్రవేశం ఉచితంగా ఉండటానికి మూలం ఇదే.

ఆ చిత్రాల్లోనూ సామ్రాజ్యపు జాడలున్నాయి. 1633లో ఫ్రాన్స్ హాల్స్ గీసిన ఒక చిత్రంలో ఉల్లాసంగా నవ్వుతున్న మధ్యవయస్కుడు పీటర్ వాన్ డెన్ బ్రూకే. డచ్ ఈస్టిండియా కంపెనీ మనిషి. సూరత్‌లో ఏళ్ల తరబడి వాళ్ల వ్యాపారం చూశాడు, అంతకుముందు ఆఫ్రికా తీరంలో బానిసల వ్యాపారం చేశాడు. డైడో పెరిగిన ఇంటి గోడ మీద ఇప్పుడు అతను వేలాడుతున్నాడు. పక్కన ఉన్న పేరు పలకతో ఆగిపోకుండా ఈ సంగతులు తెలిసి చూస్తే ఆ గదులు వేరుగా కనిపిస్తాయి.

1974 ఫిబ్రవరిలో వెర్మీర్ చిత్రాన్ని దొంగలు ఎత్తుకెళ్లారు. కరీబియన్ దీవి గ్రెనడాలో పేదలకి ఆహారం పంచాలని, ఇంగ్లండ్ జైల్లో ఉన్న ఐరిష్ అక్కచెల్లెళ్లు ఇద్దరిని ఉత్తర ఐర్లాండ్‌కి మార్చాలని డిమాండ్లు వచ్చాయి. మే నెలలో లండన్ స్మిత్‌ఫీల్డ్‌లోని ఒక చర్చి ఆవరణలో పత్రికలో చుట్టిన ఆ చిత్రం దొరికింది.

ఖాళీ ఇంటిని ఇల్లులా చూపించడం

ఐవే తన వీలునామాలో పద్దెనిమిదో శతాబ్దపు పెద్దమనిషి కళాత్మకమైన ఇల్లు ఎలా ఉండేదో ఆ వాతావరణం నిలపాలని కోరాడు. చిక్కల్లా, అతను కొనేసరికి సామాను 1922 వేలంలో పోయింది. మాన్స్‌ఫీల్డ్ చిత్రాలు స్కోన్‌కి వెళ్లాయి. ఇల్లు మాన్స్‌ఫీల్డ్‌ది, చిత్రాలు ఐవేవి, కుర్చీలు వేరే చోట్ల నుంచి తెచ్చినవి. దశాబ్దాలుగా వేలం సామాన్లలో కొన్నిటిని వెతికి మళ్లీ కొన్నారు. చూసేవాళ్లలో చాలామందికి మాత్రం అన్నీ ఒకే మనిషివని అనిపిస్తుంది. ఇది తెలుసుకుని వెళ్లడం మంచిది.

గోడల రంగుల విషయంలోనూ ఇలాంటి గందరగోళమే జరిగింది. ఇరవయ్యో శతాబ్దంలో ఒకసారి లైబ్రరీకి రంగులు వేసినప్పుడు బంగారు పూత ధారాళంగా పట్టించారు. వైభవం అంటే బంగారమే అనుకున్నారు కాబోలు. 2012, 2013లలో జరిగిన పెద్ద మరమ్మతుల్లో రంగు పొరల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ఆడం అసలు వేయించినవి లేత నీలం, లేత గులాబీ, తెలుపు అని తేలింది. ఇప్పుడు ఆ రంగులే ఉన్నాయి. 2013 నవంబరులో మళ్లీ తెరిచారు. బంగారం పోయినందుకు కొందరికి వెలితిగా అనిపించొచ్చు. నాకైతే గది ఊపిరి పీల్చుకున్నట్టుంది, ఆడం ఏం చేయాలనుకున్నాడో ఇప్పుడే కనిపిస్తోంది.

చివరి ముడి పాలనది. ఇల్లు మొదట ధర్మకర్తల చేతిలో, తర్వాత లండన్ కౌంటీ కౌన్సిల్ చేతిలో ఉండేది, 1965లో గ్రేటర్ లండన్ కౌన్సిల్‌కి వచ్చింది. 1986లో ఆ కౌన్సిల్‌ని రద్దు చేశారు. అప్పుడు కెన్‌వుడ్ ఇల్లు, దాని చుట్టూ ఉన్న 112 ఎకరాలు చారిత్రక కట్టడాలని చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థకి వెళ్లాయి. మిగతా హీత్ 1989లో సిటీ ఆఫ్ లండన్ కార్పొరేషన్‌కి దక్కింది. నడిచేవాళ్లకి గోడ లేదు, గీత కనబడదు. కానీ ఒక చెట్టు కొమ్మ విరిగితే తీయాల్సినవాళ్లు ఒకరు, పది అడుగుల అవతల ఇంకొకరు. ఇంగ్లిష్ హెరిటేజ్ 2015 నుంచి స్వచ్ఛంద సంస్థగా నడుస్తోంది. పైకప్పు సీసపు రేకుల నుంచి కాపలా దాకా ప్రతి ఖర్చుకీ సభ్యత్వాలు, విరాళాలు, క్యాంటీన్ అమ్మకాల మీద ఆధారపడాలి. ఇంగ్లిష్ హెరిటేజ్ చూసుకునే పెద్ద భవనాల్లో చాలా చోట్ల టికెట్ కొనాలి. కెన్‌వుడ్‌లో కొనక్కర్లేదు, ఎందుకంటే 1929 నాటి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది.